మాత్ర మొదలైంది.. మగతా మొదలైంది.. మరి ప్లేస్‌మెంట్?

ఎదురుగా ప్లేస్‌మెంట్ సీజన్. చేతిలో మానసిక వైద్యుడు రాసిన కొత్త స్ట్రిప్పు. వేసుకుంటే ఉదయం ఎనిమిదైనా కళ్లు తెరుచుకోవు. మానేస్తే మళ్లీ అదే దిగులు, అదే గుండెదడ. 'ఈ ఒక్క టెస్టు అయిపోయేదాకా ఆపేద్దాం, తర్వాత చూసుకుందాంలే' అనిపిస్తోందా? ఆ నిర్ణయం తీసుకునేముందు ఓ పది నిమిషాలు ఇది చదవండి. మగత ఎందుకొస్తుందో, ఎన్నాళ్లుంటుందో తెలిస్తే దాన్ని మోస్తూ కూడా పరీక్ష రాయొచ్చు.

ఫైనలియర్లో డిప్రెషన్‌కో, యాంగ్జైటీకో చికిత్స మొదలుపెట్టేవాళ్లు మన క్లాసుల్లో, హాస్టళ్లలో తక్కువేం కాదు. పైకి చెప్పుకోరు, అంతే. వాళ్లలో చాలామంది మధ్యలో మందు వదిలేయడానికి పెద్ద కారణాలేమీ ఉండవు. మెస్‌లో టిఫిన్ అయిపోయాక నిద్రలేవడం, మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చునే తూగడం, అప్పటిదాకా ఇరవై నిమిషాల్లో తేలిపోయే ఆప్టిట్యూడ్ సెట్ నలభై నిమిషాలు పట్టడం. 'జబ్బుకన్నా మందే ఎక్కువ బాధ పెడుతోంది' అనిపించేది ఈ రోజుల్లోనే. చిక్కేమిటంటే సరిగ్గా ఈ రోజుల్లోనే మందు తన పని మొదలుపెడుతుంది.

నేను డాక్టర్ని కాదు. ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ గురించి బ్లాగు రాసుకునేవాణ్ని. మొదటి ఉద్యోగంలో ఉండగా నాకూ ఇలాంటి మందే రాశారు. అందుకే ఇందులో డోసుల సలహాలుండవు. డోసు డాక్టరు పని. ఆ డోసుతో రోజు ఎలా గడపాలన్నది మన పని.

మగత ఎక్కణ్నుంచి వస్తోంది?

జలుబు చేస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చే అవిల్ మాత్ర గుర్తుందా? వేసుకున్న గంటకి కళ్లు మూతలు పడతాయి. మనల్ని మెలకువగా ఉంచడానికి మెదడు వాడుకునే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి. అలర్జీలో ముక్కు కారడానికి కారణమూ అదే. పాతకాలం అలర్జీ మాత్రలు ముక్కు దగ్గరే ఆగవు, మెదడులోకీ వెళ్లి అక్కడి హిస్టమిన్‌ని అడ్డుకుంటాయి. అందుకే మత్తు.

మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులకీ ఇదే గుణం ఉంది. మిర్టాజపిన్, క్వెటియాపిన్, ఒలాంజపిన్, అమిట్రిప్టిలిన్ ఈ కోవలోవి. ఇది యాదృచ్ఛికమేమీ కాదు. సైకియాట్రీ దశ మార్చిన తొలి మందు క్లోర్‌ప్రోమజీన్ పుట్టిందే అలర్జీ మందుల పరిశోధనలోంచి. 1950 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో దాన్ని తయారుచేశారు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు రోగులకు ఇచ్చి చూశారు. అంటే ఈ వంశంలో మగత మొదట్నుంచీ ఉంది.

మరో రకం మందులున్నాయి. క్లోనజెపామ్ లాంటివి. ఇవి మెదడును నెమ్మదింపజేసే 'గాబా' అనే రసాయనం పనిని పెంచుతాయి. ఆందోళన చప్పున తగ్గుతుంది, దాంతోపాటు చురుకుదనమూ తగ్గుతుంది. మీ చీటీలో ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ కూడా ఉంటే ఓ సంగతి గమనించండి. అసలు మందు పట్టు చిక్కేదాకా కొద్ది వారాల ఆసరాగా ఈ రెండోదాన్ని ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గించడం చాలామంది వైద్యుల పద్ధతి. అలాంటప్పుడు మీ మగతలో పెద్ద వాటా ఈ తాత్కాలిక మాత్రదే కావచ్చు. 'ఇది ఎన్ని వారాలు సార్, ఎలా తగ్గిస్తారు?' అని అడగండి. సొంతంగా ఆపొద్దు. బాగుంది కదా అని చెప్పిన గడువు దాటి సొంతంగా కొనసాగించనూ వద్దు. ఇది అలవాటుపడే మందు.

ఇంకోటి. సైకియాట్రీ మందులన్నీ నిద్రమాత్రలు కావు. ఫ్లూఆక్సిటిన్, బ్యూప్రోపియాన్ లాంటివి కొందరికి ఉన్న నిద్రనీ పాడుచేస్తాయి. అందుకే వాటిని ఎక్కువగా ఉదయం పూట వేసుకోమంటారు. ఎస్సిటాలోప్రామ్ ఒకరికి మత్తునిస్తే, మరొకరికి నిద్ర లేకుండా చేస్తుంది. పక్క గదిలో స్నేహితుడి అనుభవం మీ అనుభవం అవ్వాలని లేదు.

ఐదో రోజు ఎందుకంత బరువు?

మొదటి రోజు ఫర్వాలేదనిపించి, నాలుగైదు రోజులకి మగత పెరిగిందా? డోసు అదే, అయినా బరువు పెరిగింది. నాకూ ఇలాగే జరిగింది. కాగితం మీద లెక్క వేసుకున్నాక భయం సగం పోయింది. మీరూ వేసి చూడండి, మనకు తెలిసిన గుణశ్రేఢే.

ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారు. మీ మందు హాఫ్ లైఫ్ 24 గంటలనుకుందాం. మొదటి రాత్రి మాత్ర వేసుకుంటే ఒంట్లో 1 పాలు. రెండో రాత్రికి అందులో సగం మిగిలే ఉంటుంది, దానిమీద ఇంకో మాత్ర, అంటే 1.5. మూడో రాత్రి 1.75. నాలుగో రాత్రి 1.875. ఐదో రాత్రి దాదాపు 1.94. అలా పోయి పోయి 2 దగ్గర నిలకడకొస్తుంది. మీరు రోజూ వేసుకునేది ఒక్క మాత్రే. ఒంట్లో మాత్రం మొదటి రోజుకి దాదాపు రెట్టింపు. సుమారు ఐదు హాఫ్ లైఫ్‌లు గడిస్తే ఈ ఎక్కుడు ఆగిపోతుందన్నది ఫార్మకాలజీలో మామూలు లెక్క.

నిజం మందులకి ఈ లెక్క వేద్దాం. ఎస్సిటాలోప్రామ్ హాఫ్ లైఫ్ సుమారు 30 గంటలు. అంటే ఆరేడు రోజులకి నిలకడ. క్లోనజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు, అంటే వారం పైన. క్వెటియాపిన్‌కి దాదాపు 7 గంటలే. అది త్వరగా దిగిపోతుంది కాబట్టి దాని విషయంలో రాత్రి ఎన్ని గంటలకు వేసుకున్నారన్నదే ముఖ్యం.

ఇంతలో మెదడు ఊరికే కూర్చోదు. హిస్టమిన్ అడ్డుపడటం వల్ల వచ్చే మగతకి అది అలవాటుపడుతూ పోతుంది. కొందరికి కొద్ది రోజుల్లో, కొందరికి రెండు మూడు వారాల్లో తేలికవుతుంది. అంటే మొదటి వారంలో రెండు పనులు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకపక్క మందు నిల్వ పెరుగుతోంది, మరోపక్క మెదడు సర్దుకుంటోంది. ముందు పెరుగుదల తెలుస్తుంది, తర్వాత సర్దుబాటు తెలుస్తుంది.

ఇక అసలు మెలిక. డిప్రెషన్ మందుల మేలు తెలియడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి రాత్రే హాజరు. ఫీజు ముందే కట్టించుకుని, క్లాసులు నెలకి మొదలుపెట్టే కోచింగ్ సెంటరు లాంటిదన్నమాట. ఆరో రోజున మానేసినవాళ్లు కష్టమంతా పడి ఫలితం చూడకుండానే లేచిపోతున్నారు.

మొదలుపెట్టేముందే మాట్లాడండి

డాక్టరు గదిలో మనకు దొరికేది కొద్ది నిమిషాలే. 'ఊఁ.. సరే సార్' అంటూ తలూపి వచ్చేయకండి. ఫోన్లో క్యాలెండర్ తెరిచి చూపించండి. 'సార్, 18న ఆన్‌లైన్ టెస్టు, 25న ఇంటర్వ్యూ ఉంది' అని తేదీలతో చెప్పండి. తేదీలు తెలిస్తే డాక్టరు చేయగలిగినవి చాలా ఉన్నాయి. శుక్రవారమో శనివారమో రాత్రి మొదలుపెట్టించొచ్చు, అప్పుడు మొదటి మత్తు సెలవులో గడిచిపోతుంది. తక్కువ డోసుతో మొదలుపెట్టి నిదానంగా పెంచొచ్చు. డోసు పెంచే రోజు పరీక్ష వారంలో పడకుండా చూడొచ్చు. ఒకే జబ్బుకు రెండు మూడు మందులు సరిపోయే సందర్భంలో మగత తక్కువున్నదాన్ని ఎంచుకోవచ్చు.

ఒక్కోసారి డాక్టరు కావాలనే మగత ఇచ్చే మందు రాస్తారు. మీరు మూడు వారాలుగా రాత్రి మూడింటిదాకా పైకప్పు చూస్తూ పడుకుంటున్నారని చెప్పారనుకోండి, ఆ నిద్ర తిరిగి రావడమే చికిత్సలో మొదటి మెట్టు. అలాంటప్పుడు మొదటి నాలుగు రోజులు ఎక్కువ పడుకోవడంలో కొంత పాత బాకీ తీరడం కూడా ఉంటుంది.

గడియారం చూసి వేసుకోండి

'రాత్రి పూట' అని చీటీలో ఉంటే హాస్టల్లో దాని అర్థం ఏ ఒంటిగంటన్నరో అవుతుంది. మగత ఇచ్చే మందు ఒంటిగంటన్నరకి వేసుకుని ఏడున్నరకి లేవాలంటే కుదరదు. అదే మాత్ర తొమ్మిదింటికి వేసుకుంటే ఏడున్నరకి పదిన్నర గంటలు గడుస్తాయి. మాత్ర మారలేదు, డోసు మారలేదు, పొద్దుట తల బరువు మారుతుంది. వేళ ముందుకు జరపొచ్చా, ఎంత జరపొచ్చు అని డాక్టర్ని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సమస్య సగం తీరినవాళ్లున్నారు.

రోజూ ఒకే వేళకి అలారం పెట్టుకోండి. మాత్ర వేసుకున్నాక 'ఇంకో గంట కోడింగ్ చేద్దాం' అని కూర్చోకండి. ఆ గంటలో రాసిన కోడ్ మర్నాడు మీకే అర్థం కాదు. ఆలస్యంగా కరిగే రకం మాత్రలను విరవడం, నలపడం చేయొద్దు. ఓ రాత్రి మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు.

ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌కి రాత్రి స్లీపర్ బస్సులో బయల్దేరుతుంటే? మాత్ర వేసుకుని పడుకుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయే ప్రమాదం ఉంది. పక్క సీటువాళ్లకి చెప్పండి, రెండు అలారాలు పెట్టుకోండి. వీలైతే ముందురోజే చేరి అక్కడ పడుకోండి. కింది బెర్తే తీసుకోండి. ఈ మందుల్లో కొన్ని బీపీని కాస్త తగ్గిస్తాయి. పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. ముందు లేచి కూర్చుని, ఓ నిమిషం ఆగి, అప్పుడు నిలబడాలి. హాస్టల్లో మంచం పై అంతస్తు మీదైతే కొన్నాళ్లు కిందికి మార్చుకోండి.

పొద్దుట నుంచి రాత్రిదాకా

లేవగానే ఫోన్ కాదు, వెలుతురు. కిటికీ తెరవండి, కుదిరితే ఓ పదిహేను నిమిషాలు బయట నడవండి. పొద్దుటి వెలుతురే మెదడుకి 'తెల్లారింది' అన్న సంకేతం. తర్వాత స్నానం, టిఫిన్. అలారం మంచం నుంచి నాలుగడుగుల దూరంలో ఉండాలి. 'తలుపు కొట్టి, నేను తలుపు తీసేదాకా వెళ్లకు' అని రూమ్మేట్‌కి చెప్పండి. కారణం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కాఫీ తాగొచ్చా? మామూలుగా ఉదయం ఒకటి రెండు కప్పులు ఫర్వాలేదు. కాకపోతే కాఫీలోని కెఫీన్‌కీ హాఫ్ లైఫ్ ఉంది, సుమారు ఐదు గంటలు. సాయంత్రం ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి నిద్ర చెడి, పొద్దుట మగత రెట్టింపై, మళ్లీ కాఫీ.. ఈ చక్రంలో పడకండి. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఫ్లువోక్సమిన్ వాడుతుంటే మరీ జాగ్రత్త. ఆ మందు కెఫీన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, ఒక్క కప్పుకే గుండెదడ రావచ్చు.

మధ్యాహ్నం భోజనం కాస్త తగ్గించండి. పెరుగన్నం మత్తుకి మాత్ర మత్తు తోడైతే ఇక ల్యాబ్ సంగతి చెప్పక్కర్లేదు. తప్పనిసరైతే మూడు గంటల్లోపు ఓ ఇరవై నిమిషాల కునుకు చాలు. గంటన్నర పడుకుంటే లేచాక ఇంకా మొద్దుగా ఉంటుంది.

ఇక చదువు. రోజంతా ఒకేలా ఉండదు. చాలామందికి రాత్రి మాత్ర ప్రభావం పదకొండు, పన్నెండుకల్లా తేలికపడుతుంది. మీ తల స్పష్టంగా ఉండే రెండు మూడు గంటలేవో కనిపెట్టండి. డేటా స్ట్రక్చర్స్, కొత్త లెక్కలు అప్పుడు. రెజ్యూమె దిద్దడం, అప్లికేషన్లు నింపడం, చదివిందే మళ్లీ చూసుకోవడం మగత వేళలో. ఇంటర్వ్యూకి స్లాటు ఎంచుకునే అవకాశం ఉంటే తొమ్మిదింటిది కాక పదకొండింటిదో, మధ్యాహ్నానిదో అడగండి. అలా అడిగినంత మాత్రాన ఎవరూ మార్కులు తగ్గించరు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి మాత్ర ఎగ్గొట్టొద్దు. క్వెటియాపిన్ లాంటిది ఒక్కసారిగా ఆపితే ఆ రాత్రి అసలు నిద్రే పట్టకపోవచ్చు. పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒకటి రెండు డోసులు తప్పినా కొందరికి తల తిరగడం, చిరాకు, వికారం మొదలవుతాయి. ప్యానెల్ ముందు కూర్చోవడానికి అంతకన్నా కాస్త మగతే నయం.

బండి తాళాలు ఇంట్లోనే

మందు మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు కొన్ని రోజులు బైకు నడపొద్దు. మగతలో ఉన్న మనిషికి తాను మగతలో ఉన్నట్టు సరిగ్గా తెలియదు, చిక్కంతా అక్కడే. బ్రేకు నొక్కడం అర సెకను ఆలస్యమైతే చాలు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో అర సెకనుకి బండి దాదాపు 7 మీటర్లు వెళుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 185వ సెక్షన్ మద్యానికే పరిమితం కాదు. బండిని అదుపు చేయలేని స్థితికి తెచ్చే మత్తు ఏ డ్రగ్‌ వల్ల వచ్చినా దాని కిందికి వస్తుంది. మెట్రో ఉంది, బస్సుంది, షేర్ ఆటో ఉంది. లేదంటే స్నేహితుడి వెనకసీటు ఉంది. మెషిన్ షాపులో లేత్, డ్రిల్లింగ్ పనులకీ ఇదే వర్తిస్తుంది. 'ఈ వారం నేను రీడింగులు రాస్తాను, మెషిన్ నువ్వు చూడు' అనండి.

మందూ మందూ కలపొద్దు

మన భాషలో రెండింటికీ ఒకటే మాట కావడం తమాషాయే కానీ, ఒంట్లో రెండూ కలిస్తే తమాషా కాదు. మద్యం కూడా మెదడును నెమ్మదింపజేసేదే. క్లోనజెపామ్ లాంటి మాత్రతో కలిస్తే మత్తు ఒకటికి రెండు కాదు, శ్వాస నెమ్మదించి ప్రాణం మీదికి రావచ్చు. ప్లేస్‌మెంట్ వచ్చిన ఆనందంలో పార్టీ ఉంటుంది. 'యాంటీబయాటిక్ వాడుతున్నా' అని ఓ మాట అనేసి కూల్‌డ్రింక్ పట్టుకోండి.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, అలర్జీ మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. 'నేను ఫలానా మందు వాడుతున్నాను, దీంతో కలపొచ్చా?' అని అడిగి తీసుకోండి. నిద్ర ఆపడానికి సీనియర్లు ఇచ్చే మెలకువ మాత్రలు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. సిగరెట్ల సంగతి కూడా డాక్టరుకి దాచొద్దు. పొగలోని పదార్థాలు ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులను కాలేయం త్వరగా కరిగించేలా చేస్తాయి. ఉన్నట్టుండి సిగరెట్ మానేస్తే ఆ మందు స్థాయి పెరిగి మగత ఎక్కువ కావచ్చు. మానేయడం మంచిదే, డాక్టరుకి చెప్పి మానేయండి.

ఓ చిన్న లాగ్ రాయండి

ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో తెలియనప్పుడు ఏం చేస్తాం? లాగ్ చూస్తాం. ఇక్కడా అంతే. నోట్‌బుక్‌లో రోజుకో వరుస చాలు. మాత్ర వేసుకున్న వేళ, పడుకున్న వేళ, లేచిన వేళ. ఉదయం 10, మధ్యాహ్నం 3, రాత్రి 8 గంటలకి మగతకి సున్నా నుంచి పదిలో ఓ అంకె. చివర్లో కొత్తగా ఏమైనా జరిగితే ఒక వాక్యం.

రెండు వారాల వరుసలు చూస్తే మీకే తెలుస్తుంది. పదింటి అంకె 8 నుంచి 5కి, 5 నుంచి 3కి దిగుతోందా? ఓపిక పట్టండి, దారిలోనే ఉన్నారు. 8 దగ్గరే ఆగిపోయిందా? ఆ కాగితమే డాక్టరు ముందు పెట్టండి. 'చాలా నిద్రొస్తోంది సార్' అన్నదానికన్నా 'పన్నెండు రోజులుగా ఉదయం పదింటికి 7కి తగ్గడం లేదు' అన్నది ఆయనకు ఎక్కువ పనికొస్తుంది. ఒక నియమం మాత్రం పాటించండి. ఒకేసారి ఒక్కటే మార్చండి. మాత్ర వేళ, కాఫీ, వ్యాయామం మూడూ ఒకే రోజు మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తేలదు.

మగతకి మందే కారణమని ముందే తీర్మానించకండి. డిప్రెషన్‌లోనే నీరసం ఉంటుంది. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మందుకి ముందు నుంచే అలసట ఉంటే ఆ మాట చెప్పి, పరీక్షలు అవసరమా అని అడగండి.

ఎప్పుడు ఆగకుండా ఫోన్ చేయాలి?

రెండు మూడు వారాలైనా మగత తగ్గకపోతే, క్లాసులూ భోజనాలూ తప్పిపోతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు. డాక్టరు దగ్గర వేళ మార్చడం, డోసు తగ్గించడం, మందే మార్చడం లాంటి దారులు ఇంకా ఉన్నాయి. మొదటి మందు పడకపోవడం మీ ఓటమి కాదు.

కొన్ని మాత్రం అదే రోజు, అదే గంటలో చూపించాల్సినవి. తట్టి లేపినా లేవకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, మాట తడబడి అయోమయంగా ఉండటం, ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, తీవ్రమైన జ్వరంతో కండరాలు బిగుసుకుపోవడం. ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి. ఈ జాబితా మీ రూమ్మేట్‌కో, ఇంట్లో ఒకరికో చెప్పి ఉంచండి. ఎందుకంటే ఆ సమయంలో ఫోన్ చేయగలిగేది మీరు కాదు.

ఇంకో ముఖ్య విషయం. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు కొద్దిమంది యువతలో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. 24 ఏళ్ల లోపువారి విషయంలో జాగ్రత్తగా గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి ఈ మందులపై ప్రత్యేక హెచ్చరిక వేయిస్తోంది. ఇది చదివి మందు మానేయమని కాదు. అలాంటి ఆలోచన వస్తే 'ఇది నా బలహీనత' అనుకుని దాచొద్దు. అది డాక్టరుకి వెంటనే చెప్పాల్సిన లక్షణం. రాత్రి రెండింటికైనా సరే, టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఏం చెప్పాలి? కంపెనీకి చెప్పాలా?

సెలవుల్లో ఇంటికెళ్తే అమ్మ అడుగుతుంది, 'ఏంట్రా ఈ నిద్ర? నిద్రమాత్రలిచ్చి పడుకోబెడుతున్నారా?' అని. కోప్పడొద్దు, ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. 'మందు కొత్తది కాబట్టి మత్తుగా ఉంటుందట అమ్మా. కొన్ని వారాల్లో తగ్గుతుందన్నారు. నువ్వు ఏడింటికి లేపు చాలు' అనండి. లేపే పని అప్పగిస్తే ఆవిడ కూడా మీ చికిత్సలో భాగమవుతుంది. ఎర్రగడ్డ పేరు చెప్పి జోకులేసేవాళ్లకి మాత్రం ఏమీ వివరించక్కర్లేదు. ఆ ఆసుపత్రికి వెళ్లి బాగుపడి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు తమ గురించి తాము చాటుకోరు కాబట్టే ఆ జోకులు ఇంకా నడుస్తున్నాయి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మానసిక జబ్బుకి కూడా శారీరక జబ్బుతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అంటే మాత్రల గురించి చెప్పక్కర్లేదు. అయితే రెండు సందర్భాల్లో తెలివిగా ఉండాలి. ఒకటి, చేరేముందు కొన్ని కంపెనీలు చేయించే డ్రగ్ పరీక్షల్లో క్లోనజెపామ్ తరహా మందులు బయటపడొచ్చు. డాక్టరు చీటీ కాపీ దగ్గర ఉంచుకుని, అడిగితే పరీక్ష చేసే వైద్యుడికి చూపించండి. రెండు, వాహనాలు నడపడం, ఎత్తుల్లో పనిచేయడం, పెద్ద యంత్రాలు చూసుకోవడం లాంటి ఉద్యోగమైతే మీ డాక్టరుతో మాట్లాడాకే ఒప్పుకోండి. రాత్రి షిఫ్టు ఉద్యోగానికీ అంతే. ఆఫర్ లెటర్ రాగానే షిఫ్టు వేళలు డాక్టరుకి చెబితే మాత్ర వేళ దానికి తగ్గట్టు మారుస్తారు.

డాక్టర్ని అడగాల్సిన ఏడు ప్రశ్నలు

1. ఈ మందుకి మగత ఉంటుందా? నాలాంటివాళ్లకి సాధారణంగా ఎన్నాళ్లు?
2. ఏ వేళకి వేసుకోవాలి? పొద్దుట లేవలేకపోతే ఎంత ముందుకి జరపొచ్చు?
3. తిన్నాక వేసుకోవాలా, తినకముందా?
4. నా పరీక్షల తేదీలివి. డోసు పెంచే రోజు వీటికి దూరంగా పెట్టొచ్చా?
5. ఒక డోసు మరిచిపోతే ఏం చేయాలి?
6. జలుబు, అలర్జీ వస్తే ఏ మాత్ర వేసుకోవచ్చు?
7. మధ్యలో ఇబ్బందైతే ఎవరికి, ఏ నంబరుకి ఫోన్ చేయాలి?

చీటీ వెనకే రాసుకెళ్లండి, సమాధానాలూ అక్కడే రాసుకోండి. ప్రైవేటు డాక్టరు ఫీజు భారమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ అడగండి.

ఒక డ్రైవ్ పోతే ఇంకో డ్రైవ్ వస్తుంది. సగంలో వదిలేసిన చికిత్సను మళ్లీ మొదలుపెట్టాలంటే ఈ మొదటి వారం మళ్లీ పడాల్సిందే. కాబట్టి ఈ రాత్రికి పెద్ద నిర్ణయాలేమీ వద్దు. మాత్ర వేళకి వేసుకోండి, లాగ్‌లో మొదటి వరుస రాయండి, అలారం దూరంగా పెట్టి పడుకోండి.